బటన్ నొక్కితే ఎల్ఈడీ స్ట్రిప్ ఒకసారి వింటుంది, ఒకసారి వినదు: తప్పు బ్లూటూత్‌ది కాదు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. ఆర్డుయినో యూనో (కోడ్ ఎక్కించి నడిపే చిన్న బోర్డు), దాని 10, 11 పిన్నుల మీద సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో (వచ్చే బిట్లను కోడే లెక్కపెట్టే పద్ధతి) హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్, 6వ పిన్ను నుంచి 60 పిక్సెళ్ల డబ్ల్యూఎస్2812బీ ఎల్ఈడీ స్ట్రిప్ (ఒక్కో పిక్సెల్‌కీ విడిగా రంగు పెట్టగలిగేది). కరెంటంతా యూనో యూఎస్‌బీకి పెట్టిన ఫోన్ చార్జర్ నుంచే వస్తోంది. స్ట్రిప్ ప్లస్ వైరు యూనో 5 వోల్టుల పిన్ను నుంచి బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) మీదుగా వెళ్తోంది. ఫోన్‌లో యాప్ ఇన్వెంటర్‌తో (బ్లాకులు పేర్చి యాప్ కట్టే సాధనం) మీరే చేసిన యాప్, రంగు పేరును ఇంగ్లిష్ మాటగా పంపుతుంది. ఎరుపు నొక్కితే ఒక సెకను ఆగి మారుతుంది. రెయిన్‌బో (ఇంద్రధనుస్సు రంగులు పరుగెత్తే ఆట) నడుస్తుండగా ఏది నొక్కినా ఎక్కువసార్లు పట్టించుకోదు, చార్జర్ బదులు కంప్యూటర్‌కి పెట్టి చూస్తే సీరియల్ మానిటర్‌లో (యూనోకి అందిన అక్షరాలు చూపే కిటికీ) పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. పూర్తి తెలుపు పెడితే బ్లూటూత్ కనెక్షనే తెగిపోతుంది. మాడ్యూల్ పోయిందేమోనని ఇంకోటి కొన్నారు, అదీ అంతే. ఇప్పుడు బాడ్ రేటు (సెకనుకి పంపే బిట్ల వేగం) 9600 నుంచి 115200కి పెంచుదామా అని అడుగుతున్నారు.

పెంచకండి. పెంచితే ఇంకా పాడవుతుంది, ఎందుకో కింద లెక్కతో సహా చెప్తాను. మూడో మాడ్యూల్ కూడా కొనకండి, మీ దగ్గరున్న రెండూ బాగానే ఉండి ఉంటాయి. మీరు ఒకే సమస్య అనుకుంటున్నవి నిజానికి మూడు. సెకను ఆలస్యం కోడ్‌లో ఒక్క లైను వల్ల. తెలుపు పెడితే తెగిపోవడం కరెంటు చాలక. రెయిన్‌బోలో మాట వినకపోవడానికి కారణం వేరు. మొదటి రెండూ ఒక్క పూటలో తేలిపోతాయి. మూడోదే అసలు సంగతి.

వైర్‌లెస్ ఉన్న సర్క్యూట్ మొరాయిస్తే అందరి అనుమానమూ ముందు వైర్‌లెస్ మీదకే పోతుంది, కంటికి కనపడనిది అదొక్కటే కాబట్టి. కానీ ఒకే గదిలో ఫోన్‌కీ హెచ్‌సీ-05కీ మధ్య గాలిలో అక్షరాలు ఊరికే మాయమైపోవు. బ్లూటూత్ తన ప్యాకెట్లలో తప్పులను తనే సరిచూసుకుంటుంది, పోయినదాన్ని మళ్లీ పంపుతుంది. మీరు పంపిన మాట మాడ్యూల్ దాకా భద్రంగానే వస్తోంది. మాడ్యూల్ నుంచి యూనోకి వేసిన ఆ నాలుగంగుళాల జంపర్ వైరు చివర పోతోంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. సర్క్యూట్‌ని రెండు సగాలు చేయండి. ముందు స్ట్రిప్‌ని పూర్తిగా పీకేయండి, మూడు వైర్లూ. డేటా వైరు ఉంచి ప్లస్ ఒక్కటే తీస్తే కుదరదు. పవర్ లేని స్ట్రిప్‌కి డేటా పిన్ను నుంచే కరెంటు దొంగదారిన ఎక్కుతుంది, పిక్సెళ్లు మసకమసకగా వెలుగుతాయి, ఒక్కోసారి మొదటి పిక్సెల్ చచ్చిపోతుంది. స్ట్రిప్ తీశాక, హెచ్‌సీ-05 నుంచి వచ్చిన ప్రతి బైటునీ (ఒక్కో అక్షరానికి ఒక బైటు) సీరియల్ మానిటర్‌లో అంకెగా చూపే నాలుగు లైన్ల కోడ్ ఎక్కించండి. అక్షరంగా చూపితే సగం సంగతి దాగిపోతుంది. అంకెలైతే దొరికిపోతుంది: యాప్ నుంచి '1' అనే అక్షరం వస్తే 49 కనపడాలి. వెనకాలే 13, 10 వస్తే యాప్ లైను చివరి గుర్తులు కూడా అంటిస్తోందని అర్థం. ఉత్త 1 వస్తే యాప్ ఇన్వెంటర్‌లో సెండ్ టెక్స్ట్ బ్లాకు బదులు సెండ్ వన్ బైట్ నంబర్ బ్లాకు పెట్టారన్నమాట. అప్పుడు మీ కోడ్ 49తో పోల్చి చూస్తూ జీవితాంతం ఎదురుచూస్తుంది. మీ యాప్ మీద అనుమానం ఉంటే ప్లే స్టోర్‌లో ఏదైనా బ్లూటూత్ టెర్మినల్ యాప్‌తో ఇదే చేయండి. స్ట్రిప్ లేకుండా యాభైసార్లు నొక్కి చూడండి, యాభై సార్లూ సరైన అంకెలే వస్తాయని నా అంచనా. వస్తే బ్లూటూత్ వదిలేయండి, దాని పని అయిపోయింది.

ఈ పరీక్షలో అసలేమీ రాకపోతే మాడ్యూల్ మీది చిన్న లైటు చూడండి. ఆగకుండా గబగబా కొట్టుకుంటుంటే ఎవరూ కనెక్ట్ కాలేదని. రెండుసార్లు టకటకా వెలిగి కాస్త ఆగుతుంటే కనెక్ట్ అయినట్టు. ఫోన్ సెట్టింగ్స్‌లో 1234 కొట్టి పెయిర్ చేయడం వేరు, యాప్ కనెక్షన్ తెరవడం వేరు. పెయిర్ అయింది కదా అని లైటు మారదు. ఇంట్లో ఇంకో ఫోన్ ఇప్పటికే కనెక్ట్ అయి ఉంటే మీ ఫోన్‌కి చోటు ఉండదు. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌కి దగ్గరి పరికరాలను వాడుకునే అనుమతి విడిగా ఇవ్వాలి, పాత యాప్ అయితే ఆ అనుమతి అడగదు కూడా. ఐఫోన్‌తో ప్రయత్నిస్తుంటే ఇక్కడే ఆపేయండి, హెచ్‌సీ-05 వాడే పాత తరహా బ్లూటూత్ సీరియల్‌ని ఐఫోన్ మామూలు యాప్‌లకి తెరవదు. దానికి హెచ్‌ఎం-10 లాంటి బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త తరహా బ్లూటూత్) మాడ్యూల్ కావాలి.

రెండో సగం ఇంకా తేలిక. బ్లూటూత్ మాడ్యూల్ తీసేసి, స్ట్రిప్ తగిలించి, రెండు సెకన్లకొకసారి రంగు మార్చే కోడ్ పెట్టండి, బ్రైట్‌నెస్ 255లో 20కి దించి. ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తే కంగారు పడకండి, ఈ స్ట్రిప్‌లలో ఆకుపచ్చ ముందు, ఎరుపు తర్వాత ఉంటుంది. స్ట్రిప్‌ని నడిపే లైబ్రరీలో (ముందే రాసిపెట్టిన కోడ్) వరుస మారిస్తే సరిపోతుంది. ఏమీ వెలగకపోతే స్ట్రిప్ మీద బాణం గుర్తు చూడండి, డేటా బాణం తోక వైపు నుంచి ఎక్కాలి.

రెండు సగాలూ విడివిడిగా బాగుండి, కలిపితేనే చెడుతున్నాయంటే గొడవ వాటి మధ్యలో ఉంది. మీది అదే.

చిన్నది ముందు తేల్చేద్దాం. ఆ సెకను ఆలస్యం. మీరు వచ్చిన మాటను రీడ్ స్ట్రింగ్ అనే ఆదేశంతో చదువుతున్నారు. అది ఇంకా ఏమైనా వస్తుందేమోనని చూస్తుంది, చివరి అక్షరం తర్వాత 1000 మిల్లీసెకన్లు నిశ్శబ్దంగా ఉంటే గానీ వదలదు. లైబ్రరీ మొదటినుంచీ పెట్టుకున్న గడువు అంతే. ఒక్కో బైటు చదువుకుని, లైను చివరి గుర్తు రాగానే పని చేసే పద్ధతికి మారిస్తే ఆలస్యం పోతుంది. ఇంకా మంచిది, మాటలే మానేసి ఒక్కో రంగుకి ఒక్కో అక్షరం పంపడం. దీని వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది, కింద వస్తుంది.

ఇక కరెంటు. డబ్ల్యూఎస్2812బీ పిక్సెల్‌లో మూడు ఎల్ఈడీలు, ఒక్కోదానికి 20 మిల్లీఆంపులు లెక్క వేసుకోవాలి, పూర్తి తెలుపుకి పిక్సెల్‌కి 60. అరవై పిక్సెళ్లకి 3.6 ఆంపులు. కొత్త స్ట్రిప్‌లు కొన్ని ఇంతకంటే తక్కువే తాగుతాయి, అయినా లెక్క దీని మీదే వేయండి. ఒరిజినల్ యూనోలో యూఎస్‌బీ దారిలో ఉన్న ఫ్యూజు 500 మిల్లీఆంపులకి. అది పాత ఇళ్ల ఫ్యూజులా తెగిపోదు, వేడెక్కి అడ్డుపడుతుంది, వోల్టేజీ జారిపోతుంది. చార్జర్ మీద 2 ఆంపులని రాసి ఉన్నా మధ్యలో ఈ దారి ఉంది, దాని తర్వాత బ్రెడ్‌బోర్డు క్లిప్పులూ వెంట్రుకల్లాంటి జంపర్ వైర్లూ ఉన్నాయి.

మీరు రాసిన ఒక వివరం నాకు బాగా పనికొచ్చింది: తెలుపు పెడితే బ్లూటూత్ తెగుతుంది గానీ యూనో రీస్టార్ట్ అవ్వదు. దీనికి అర్థం ఉంది. హెచ్‌సీ-05 బోర్డు వెనక 3.6 నుంచి 6 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది చూడండి. అంతకన్నా కిందకి జారితే దాని లోపలి 3.3 వోల్టుల రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, రేడియో ఆగి మళ్లీ మొదలవుతుంది. యూనో చిప్ మాత్రం 2.7 వోల్టుల దాకా పడితే గానీ తనంతట తాను రీసెట్ అవ్వదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో మీ వోల్టేజీ ఊగుతోంది. ఆ వోల్టేజీలో 16 మెగాహెర్ట్జ్ దగ్గర చిప్ సరిగా నడుస్తుందన్న హామీ కూడా లేదు, కాబట్టి నడుస్తోంది కదా అని సంతోషించకండి. మల్టీమీటర్ పెట్టి తెలుపు వెలుగుతుండగా హెచ్‌సీ-05 ప్లస్ పిన్ను దగ్గర, స్ట్రిప్ మొదట్లో, స్ట్రిప్ చివర మూడు చోట్లా కొలవండి. మల్టీమీటర్ లేకపోతే బ్రైట్‌నెస్ 20కి దించి అదే తెలుపు పెట్టండి. తెగడం ఆగితే జవాబు వచ్చేసినట్టే.

మందు మామూలే. 5 వోల్టులు, 5 ఆంపుల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును తక్కువ వోల్టులకి దించే సప్లై డబ్బా) ఒకటి. కొనేటప్పుడు లేబుల్ చదవండి, ఎల్ఈడీ స్ట్రిప్‌కి అనగానే చాలా షాపుల్లో 12 వోల్టులది చేతిలో పెడతారు, అది తగిలిస్తే స్ట్రిప్ కాలిపోతుంది. ఎస్ఎంపీఎస్ నుంచి స్ట్రిప్‌కి నేరుగా లావు వైర్లు వేయండి, ఇంటి వైరింగ్‌కి వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరు చాలు. బ్రెడ్‌బోర్డు మీదుగా స్ట్రిప్ కరెంటు పోకూడదు. స్ట్రిప్ మొదట్లో ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, కాళ్లు తిరగేయకుండా. డేటా వైరులో మొదటి పిక్సెల్‌కి దగ్గరగా 330 ఓంల రెసిస్టర్. ఎస్ఎంపీఎస్ మైనస్, యూనో గ్రౌండ్ కలవాలి. ఇది మర్చిపోతే స్ట్రిప్ పిచ్చిపిచ్చిగా మెరుస్తుంది, జనం మళ్లీ బ్లూటూత్‌ని తిడతారు. యూనోని, మాడ్యూల్‌ని యూఎస్‌బీ మీదే ఉంచేయండి, వాటికి అది చాలు. స్ట్రిప్ చివర తెలుపు పసుపుగానో నారింజగానో కనిపిస్తే అక్కడ వోల్టేజీ పడిపోతోందని, నీలం ఎల్ఈడీకి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి ముందు అదే తగ్గుతుంది. రెండో కొసకి కూడా ప్లస్, మైనస్ ఇచ్చేయండి. ఎస్ఎంపీఎస్ స్క్రూల దగ్గర 230 వోల్టులు బయటికే ఉంటాయి, డబ్బాలో పెట్టి మూత వేశాకే ప్లగ్గు పెట్టండి. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు రెయిన్‌బో.

డబ్ల్యూఎస్2812బీకి క్లాక్ వైరు (ఏ బిట్టు ఎప్పుడు చదవాలో తాళం వేసి చెప్పే వైరు) లేదు. ఉన్న ఒక్క డేటా వైరు మీద పల్స్ ఎంతసేపు పైన ఉందన్న దాన్ని బట్టే అది 0నో 1నో తేల్చుకుంటుంది. ఒక్కో బిట్టుకి 1.25 మైక్రోసెకన్లు. మధ్యలో చిప్ కొన్ని మైక్రోసెకన్లు ఇంకో పనికి వెళ్లినా రంగులు తారుమారవుతాయి. అందుకని లైబ్రరీ ఏం చేస్తుందంటే, షో అనే ఆదేశాన్ని పిలవగానే ఇంటరప్టులన్నీ (చిప్‌ని చేస్తున్న పని ఆపించి వేరే పనికి పిలిచే సంకేతాలు) ఆపేసి, మొత్తం స్ట్రిప్‌కి డేటా తోసేసి, ఆ తర్వాతే మళ్లీ తెరుస్తుంది. పిక్సెల్‌కి 24 బిట్లు, అంటే 30 మైక్రోసెకన్లు. మీ అరవైకి 1.8 మిల్లీసెకన్లు. అంతసేపు యూనోకి బయటి లోకం లేదు.

సాఫ్ట్‌వేర్ సీరియల్ సరిగ్గా ఆ ఇంటరప్టు మీదే బతుకుతుంది. 9600 దగ్గర ఒక బిట్టు 104 మైక్రోసెకన్లు, ఒక బైటు 1 మిల్లీసెకనుకి కాస్త పైన. బైటు మొదలయ్యేటప్పుడు లైను కిందకి పడుతుంది. ఆ పడటం చూసి ఇంటరప్టు లేస్తుంది, అక్కడి నుంచి గడియారం పట్టుకుని కూర్చుని ఒక్కో బిట్టు లెక్కపెడుతుంది. షో నడుస్తుండగా లైను పడితే ఆ కబురు వెంటనే అందదు. షో అయిపోయాక ఆలస్యంగా లేచి చూసేసరికి బైటు సగంలో ఉంటుంది. ఆ క్షణంలో లైను పైన ఉంటే ఏమీ రాలేదనుకుని పడుకుంటుంది, అక్షరం పోయింది. కింద ఉంటే అదే ఆరంభం అనుకుని మధ్యలోంచి లెక్క మొదలెడుతుంది. మీ మానిటర్‌లో కనిపించిన పిచ్చి అక్షరాలు ఇవే. రేడియో గోలా కాదు, బాడ్ రేటు తేడా కూడా కాదు. బాడ్ రేటు తప్పయితే స్ట్రిప్ పీకేసినా పిచ్చి అక్షరాలే వస్తాయి, తేడా పట్టుకోవడానికి ఇదొక గుర్తు.

మీ రెయిన్‌బోలో ఫ్రేముకి (రంగులు ఒక్కసారి మారే అడుగుకి) 10 మిల్లీసెకన్ల డిలే (ఊరికే ఆగడం), 1.8 షో, రంగుల లెక్కకి ఇంకో రెండు అనుకుంటే మొత్తం 14 దాకా. ఒక్క అక్షరం పంపితే అది షోలో పడే అవకాశం నూటికి పదమూడు. కానీ మీరు ఆకుపచ్చకి ఇంగ్లిష్‌లో అయిదక్షరాల మాట పంపుతున్నారు. అయిదు బైట్లు వరసగా అయిదు మిల్లీసెకన్లకి పైగా సాగుతాయి. ఆ అయిదింట్లో ఏదో ఒకటి షోలో చిక్కుకునే అవకాశం సగానికి చేరుతుంది, ఒక్క అక్షరం పోయినా మాట సరిపోలదు. రెయిన్‌బో అన్న మాట ఏడక్షరాలు, అది ఇంకా ఎక్కువసార్లు పోతుంది. ఒక్కో రంగుకి ఒక్కో అక్షరం చాలన్నది ఇందుకే.

దీనికి తోడు ఆ రెయిన్‌బో ఫంక్షన్ అడాఫ్రూట్ నియోపిక్సెల్ లైబ్రరీ ఉదాహరణలోంచి తెచ్చుకున్నది. లోపల 1280 ఫ్రేముల లూప్ ఉంది. డిలేలకే 12.8 సెకన్లు పడుతుంది, అది పూర్తయ్యేదాకా మీ కోడ్ సీరియల్ వైపు తిరిగి చూడదు. కాబట్టి అక్షరం క్షేమంగా చేరినా పావు నిమిషం బఫర్‌లో (వచ్చినవి దాచే చోటు) కూర్చుంటుంది. ఆ లోపు మీరు విసుగొచ్చి ఇంకో నాలుగు బటన్లు నొక్కి ఉంటారు, అన్నీ కలిసి రీడ్ స్ట్రింగ్‌కి ఒకే పొడుగాటి మాటగా దొరుకుతాయి. అది దేనితోనూ సరిపోలదు. ఉదాహరణ కోడ్ స్ట్రిప్ వెలుగుతుందా లేదా చూసుకోవడానికి రాసింది, దాని మీద రిమోట్ కట్టడానికి కాదు.

ఒకే రంగు నిలకడగా ఉన్నప్పుడు కూడా చూడండి. చాలామంది కోడ్‌లో లూప్ తిరిగిన ప్రతిసారీ షో పిలుస్తారు, రంగు మారకపోయినా. అప్పుడు యూనో సగానికి పైగా కాలం ఏమీ వినదు. రెయిన్‌బో కంటే ఇది అన్యాయం. రంగు మారితేనే షో పిలవాలి, పిక్సెళ్లు చివరి రంగును తమంతట తామే పట్టుకుని ఉంటాయి.

ఇప్పుడు 115200 సంగతి. ఆ వేగంలో బైటుకి 87 మైక్రోసెకన్లు. 1.8 మిల్లీసెకన్ల షోలో ఒకటిన్నర బైటు బదులు ఇరవై బైట్లు పోయేంత సందు దొరుకుతుంది. పైగా 16 మెగాహెర్ట్జ్ యూనోలో సాఫ్ట్‌వేర్ సీరియల్ ఆ వేగాన్ని మామూలుగానే నమ్మకంగా అందుకోలేదు. ఇక్కడ నెమ్మదే మేలు.

మరి అదే 9600 దగ్గర యూనో 0, 1 పిన్నులు ఎందుకు తట్టుకుంటాయి? అక్కడ వినేది కోడ్ కాదు, చిప్‌లో విడిగా ఉన్న సీరియల్ హార్డ్‌వేర్. ఇంటరప్టులు ఆగి ఉన్నా అది బిట్లు ఏరుకుంటూనే ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది, మీరు ఇంట్లో లేకపోయినా వచ్చిన పార్సిల్ తీసి పక్కన పెడతాడు. అయితే అతని గదిలో చోటు తక్కువ, యూనో చిప్ అట్‌మెగా328పీలో పూర్తయిన బైట్లు రెండు, సగంలో ఉన్నది ఒకటి. మీ 1.8 మిల్లీసెకన్లలో 9600 దగ్గర రెండుకి మించి రావు కాబట్టి సరిపోతుంది.

ఏ వైర్‌లెస్ వాడినా అడగాల్సిన ప్రశ్న ఇదే: చిప్ వినలేని ఆ కాసేపూ వచ్చిన కబురును ఎవరు పట్టుకుని ఉంచుతారు? ఎన్ఆర్ఎఫ్24ఎల్01 రేడియో అయితే 32 బైట్ల ప్యాకెట్లు మూడింటిని తన దగ్గరే దాచుకుంటుంది, యూనో తీరిగ్గా ఎస్పీఐ (చిప్‌ల మధ్య డేటా పంపే మరో పద్ధతి) మీద వెళ్లి తెచ్చుకోవచ్చు. అందుకే దానితో ఈ గొడవ రాదు, దాని గొడవలన్నీ 3.3 వోల్టుల సరఫరాతోనే. టీవీ రిమోట్ లాంటి ఐఆర్ రిసీవర్ మరో కొస. అది ఏమీ దాచదు, పైగా ఎన్ఈసీ అనే పద్ధతిలో పంపే రిమోట్ ఒక్క నొక్కుడు 67 మిల్లీసెకన్ల పొడుగు, అంతసేపూ ఇంటరప్టు పల్స్ పల్స్‌కీ మెలకువగా ఉండాలి. డబ్ల్యూఎస్2812బీతో ఐఆర్ రిమోట్ కలిపిన ప్రతివాళ్లూ ఈ గోడకి తల కొట్టుకుంటారు. అక్కడ మందు, రిసీవర్ ఖాళీగా ఉందా అని లైబ్రరీని అడిగి అప్పుడే షో పిలవడం.

మీ సర్క్యూట్‌కి నేనైతే ఇలా చేస్తాను. హెచ్‌సీ-05 టీఎక్స్‌డీ (పంపే) పిన్నుని యూనో 0వ పిన్నుకి మార్చండి. మాడ్యూల్ ఆర్ఎక్స్‌డీ (అందుకునే) పిన్నుకి యూనో 1వ పిన్ను నుంచి నేరుగా 5 వోల్టులు ఇవ్వద్దు, అది 3.3 వోల్టుల పిన్ను. మధ్యలో 1 కిలోఓం రెసిస్టర్, ఆర్ఎక్స్‌డీ దగ్గర నుంచి గ్రౌండ్‌కి 2 కిలోఓంలు. కోడ్ ఎక్కించేటప్పుడు మాత్రం 0వ పిన్ను వైరు పీకాలి. యూఎస్‌బీ చిప్ కూడా ఆ లైనునే వాడుతుంది, దాని దారిలో 1 కిలోఓం రెసిస్టర్ ఉంది, మాడ్యూల్‌కి లేదు. అందుకే లాగులాటలో మాడ్యూల్ గెలుస్తుంది, మీకు నాట్ ఇన్ సింక్ అనే ఎర్రర్ వస్తుంది. విసుగే, కానీ ఒక స్విచ్చు పెట్టుకుంటే సరి. ఇకమీదట యూనో ప్రింట్ చేసేదంతా ఫోన్‌కి కూడా వెళ్తుంది, డీబగ్ చేయడానికి అది లాభమే.

కోడ్‌లో రెయిన్‌బో లూప్‌ని విప్పేయండి. మిల్లిస్ (యూనో లోపలి గడియారం) చూసుకుంటూ 33 మిల్లీసెకన్లకొక ఫ్రేము చాలు, కంటికి తేడా తెలియదు. ఒక్కో ఫ్రేముకి ఒక్క అడుగు వేసి బయటికి రావాలి, మధ్య కాలమంతా సీరియల్ చూడాలి. ఇంకో చిన్న కిటుకు, ఏదైనా బైటు వచ్చిందంటే ఆ తర్వాత 5 మిల్లీసెకన్ల దాకా షో వాయిదా వేయండి, వెనకాల వచ్చేవాటికి దారి ఖాళీగా ఉంటుంది. ఒక హెచ్చరిక: షో జరిగేటప్పుడు యూనో గడియారం కూడా తడబడుతుంది, మీ స్ట్రిప్‌తో ఈ వేగంలో మిల్లిస్ గంటకి నిమిషం పైనే వెనకబడుతుంది. అలంకరణకి పర్వాలేదు. రాత్రి పదింటికి ఆరిపోవాలి లాంటి టైమర్ మాత్రం దాని మీద కట్టకండి.

బటన్ల సంగతి. ఒకే బటన్‌తో ఆన్, ఆఫ్ తిప్పే పద్ధతి మానేసి, ఆన్‌కి ఒక అక్షరం, ఆఫ్‌కి ఒక అక్షరం ఇవ్వండి. అప్పుడు ఒకే ఆజ్ఞ రెండుసార్లు అందినా నష్టం లేదు. అలా ఉంటే మళ్లీ పంపే ధైర్యం వస్తుంది: యూనో అందుకున్న అక్షరాన్నే తిరిగి పంపాలి, 200 మిల్లీసెకన్లలో అది రాకపోతే యాప్ మళ్లీ పంపాలి, మూడుసార్లకి మించకుండా. యాప్ ఇన్వెంటర్‌లో క్లాక్ కాంపోనెంట్‌తో అయిపోతుంది. ఏదో కారణంతో సాఫ్ట్‌వేర్ సీరియలే ఉంచాలనుకుంటే కనీసం ఈ మళ్లీ పంపడం ఒక్కటి పెట్టండి, బాగానే పనిచేస్తుంది. ఫ్రేముల మధ్య ఖాళీ చూసి ఫోన్ పంపేలా చేద్దామని కొందరు ప్రయత్నిస్తారు. కుదరదు, బ్లూటూత్‌లో ఆలస్యం ప్రతిసారీ మారుతుంది.

బోర్డు మార్చమని చెప్పను, మినీ ప్రాజెక్ట్‌కి యూనో చాలు. మార్చాలనే ఉంటే ఆర్డుయినో మెగాలో యూఎస్‌బీకి సంబంధం లేని హార్డ్‌వేర్ సీరియళ్లు మూడు అదనంగా ఉన్నాయి, వైరు పీకే బాధ ఉండదు. ఈఎస్‌పీ32 బోర్డు అయితే పిక్సెల్ డేటాను విడిగా ఒక హార్డ్‌వేర్ భాగమే తోస్తుంది, ఇంటరప్టులు ఆపాల్సిన పని లేదు, బ్లూటూత్ లోపలే ఉంది. కానీ పాత తరహా బ్లూటూత్ సీరియల్ మొదటి ఈఎస్‌పీ32లోనే ఉంది, ఎస్3, సీ3 రకాల్లో బీఎల్ఈ మాత్రమే. పైగా దాని డేటా 3.3 వోల్టులు, 5 వోల్టుల మీద నడిచే ఈ స్ట్రిప్ 3.5 ఉంటే గానీ 1 అని ఒప్పుకోనని డేటాషీట్‌లో చెప్తుంది. లేకపోయినా చాలాసార్లు నడుస్తుంది, ఎండాకాలంలోనో వైరు పొడుగు చేశాకో ఆగిపోతుంది. 3.3 వోల్టుల డేటాను 5 వోల్టులకి పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్ ఒకటి మధ్యలో పెడితే ఆ అనుమానం ఉండదు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి, ఏహెచ్‌సీటీ లేకపోతే హెచ్‌సీటీ అయినా పర్లేదు, ఉత్త హెచ్‌సీ మాత్రం వద్దు. స్ట్రిప్ ఇంకా కొనకపోయి ఉంటే ఏపీఏ102 రకం స్ట్రిప్ చెప్పేవాణ్ణి. దానికి క్లాక్ వైరు విడిగా ఉంటుంది, డేటా మధ్యలో ఎంతసేపు ఆగినా పట్టించుకోదు. ధర మాత్రం ఎక్కువ.

ముందు కరెంటు సరిచేసి, తర్వాతే కోడ్ జోలికి వెళ్లండి. వోల్టేజీ ఊగుతుండగా కోడ్ మారిస్తే ఏది దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. ఇవన్నీ అయ్యాక కూడా రెయిన్‌బోలో అక్షరాలు పోతుంటే రాయండి, స్ట్రిప్‌ని ఎన్ని పిక్సెళ్లకి పెంచారో కూడా చెప్పండి. సుమారు వంద దాటితే షో 3 మిల్లీసెకన్లు మించుతుంది, 9600 దగ్గర హార్డ్‌వేర్ సీరియల్‌కి కూడా చోటు చాలదు. అప్పుడు మాడ్యూల్ బటన్ నొక్కిపట్టి పవర్ ఇచ్చి, 38400 దగ్గర ఏటీ కమాండ్‌తో (మాడ్యూల్ సెట్టింగులు మార్చే ఆదేశం) దాని బాడ్ రేటును 4800కి దించి, కోడ్‌లోనూ అదే పెట్టాలి. రెండు వందల పిక్సెళ్ల దాకా దానితో లాగొచ్చు.